నొప్పికి నంబరు

పన్నెండు గంటల రౌండులో ఇంకా సగం పైగా పడకలు మిగిలే ఉన్నాయి. సునంద చేతిలోని ఆసుపత్రి ఫోను అప్పటికే రెండుసార్లు కుయ్యిమంది. కొల్లూరులో తెల్లవారకముందే బయలుదేరి, రెండు ఆటోలు మారి వచ్చిన మనిషి ఇంతవరకు కూర్చున్న పాపాన పోలేదు. రెండు గంటలకోసారి ఇరవై రెండు పడకల దగ్గరికీ వెళ్లి "నొప్పి ఎంతుంది?" అని అడగాలి. సున్నా నుంచి పది దాకా రోగి ఏ అంకె చెబితే ఆ అంకె ఫోన్‌లో నొక్కాలి. ఒక్క పడక ఆలస్యమైనా సునంద పేరు పక్కన ఎర్రగా పడుతుంది. నెలకు పన్నెండు వేల ఔట్‌సోర్సింగ్ ఆయాకు దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్లు కడగడం చాలలేదు కాబోలు, ఈ పని కూడా అంటగట్టారు.

రోగుల మణికట్టుకు నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎంతసేపు నిద్ర పట్టిందో అది తనంతట తానే ఫోనుకు చెప్పేస్తుంది. నొప్పిని మాత్రం మనిషే చెప్పాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీ షెడ్లలో బతికే జనం నొప్పి అడిగితే నిజం చెబుతారా? మేస్త్రీ కళ్ల ముందు నడుం పట్టుకున్నవాడికి మర్నాడు పని ఉండదని పనిలో చేరిన మొదటి వారమే నేర్చుకున్నవాళ్లు వాళ్లు.

పదకొండో పడక ఐలన్నది. కర్దనూర్ మనిషి. ఒకప్పుడు కూలికి వెళ్లిన చేలోనే ఇనుము పోత పోసే ఫ్యాక్టరీ లేస్తే, అందులోనే పదేళ్లుగా కాంట్రాక్టు కూలీ. ఐదు రోజుల కిందట ఇనుప అచ్చు పెట్టె జారి కుడి పాదం మీద పడింది. రెండు వేళ్లు తీసేశారు. నోట్లో నాలుక లేని మనిషి. కాళ్ల దగ్గర భార్య మొగులమ్మ నిలబడి ఉంది. ఉన్న ఒక్క కుర్చీలో కాంట్రాక్టరు మనిషి జైపాల్ కూర్చున్నాడు. బిల్లు కట్టేది కంపెనీ కాబట్టి ఐలన్న అంకెలన్నీ జైపాల్ ఫోన్‌లోనూ కనబడతాయి.

"పెద్దనాయినా, నొప్పి ఎంతుంది?" అడిగింది సునంద.

ఐలన్న ముందు జైపాల్ మొహం చూశాడు. ఆ తర్వాతే నోరు విప్పాడు. "రెండు, బిడ్డా."

నుదుటి మీద చెమట కారిపోతోంది. మంచం పట్టెను పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. సునంద రెండు నొక్కింది. ఫోను ఒప్పుకోలేదు. గుండె నిమిషానికి నూట పద్దెనిమిది, నిద్ర నలభై నిమిషాలు, చెప్పిన అంకెకు పొంతన లేదు, రోగి మాటే ఖాయమా అని అడిగింది. నిన్న నాలుగుసార్లు ఇదే అడిగింది. నాలుగుసార్లూ సునంద 'ఖాయం' నొక్కేసి పక్క పడకకు వెళ్లిపోయింది.

"రాత్రంత తువ్వాల నోట్ల కుక్కుకున్నడు బిడ్డా, ఎవ్వలకన్న ఇనవడ్తదని," అంది మొగులమ్మ గొంతు తగ్గించి. "మొన్నటిదాంక పూటకో సూది ఇచ్చిండ్రు. నిన్నటి సంది గోలీలే ఇస్తుండ్రు. ఎందుకట్ల?"

"నువ్వూకోవే," అన్నాడు ఐలన్న.

ఎందుకో సునందకు తెలుసు. డాక్టరు పాదం చూసేది కట్టు విప్పిన రోజే. మిగతా రోజుల్లో చూసేది అంకెలే. రెండు, రెండు, రెండు అని వరుసగా కనబడితే సూది దేనికి?

జైపాల్ ఒళ్లోని కాగితం తీశాడు. "రెండు దినాలు మూడు లోపే ఉన్నది. ఇగ డిశ్చార్జే. ఐలన్నా, పనికి ఫిట్ అని గీడ ఒక వేలిముద్ర కొట్టు. గేటు కాడ కూసునే పని ఇప్పిస్త."

"తక్కువ చెప్తే జల్దీ ఇంటికి పంపుతరు పెద్దనాయినా" అని ఐలన్న ఆసుపత్రిలో చేరిన రోజున చెప్పింది సునందే. అందరికీ చెప్పినట్టే చెప్పింది. ధైర్యం చెబుతున్నాననుకుంది. తక్కువ అంకె వస్తే నర్సు కోసం పరుగెత్తే పని తప్పుతుందన్న స్వార్థం కూడా అందులో ఉంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

అంతలో వార్డు ఇన్‌చార్జి రమ్యశ్రీ హడావిడిగా వచ్చింది. "ఏంటమ్మా సునందా, పదకొండు దగ్గరే ఆగిపోయావ్? ఖాయం నొక్కేసి కదులు. ఈ బెడ్ కోసం కింద ఇద్దరు కూర్చున్నారు."

"నేను నొక్కను మేడం."

తన గొంతేనా అని సునందకే అనుమానం వచ్చింది.

"నొక్కవా? రేపట్నుంచి నిన్ను రావద్దంటారు, తెలుసా? నన్నేమీ అడగొద్దు అప్పుడు."

"ఎరికే మేడం." సునంద ఫోను మంచం మీద పెట్టి ఐలన్న మీదికి వంగింది. "పెద్దనాయినా, ఆ దినం నేను చెప్పింది తప్పు. నువ్వు రెండు అన్నవనే సూది బంద్ పెట్టిండ్రు. ఫిట్ అని వేలిముద్ర కొట్టినవనుకో, రేపు కాలు చెడితే మాకేం సంబంధం అంటరు. ఆయన దిక్కు చూడకు. నీ కాలు ఎట్లున్నదో చెప్పు."

"ఏయ్, నీ పని నువ్వు చూస్కో," అంటూ జైపాల్ లేచాడు.

మొగులమ్మ వచ్చి అతనికీ మంచానికీ మధ్య నిలబడింది. కొంగు బిగించి దోపుకుని నిలబడింది, అంతే.

ఐలన్న కట్టు కట్టిన పాదం వైపు చూశాడు. గేటు దగ్గర కుర్చీ కళ్లముందు మెదిలిందో, లాగేసుకునే ఫ్యాక్టరీ గేటు పాసు మెదిలిందో తెలియదు. బొటనవేలిని పిడికిట్లో దాచేసుకున్నాడు. మెల్లగా సునంద వైపు తిరిగాడు.

"పది కాడికేనా బిడ్డా?" అన్నాడు. "పది మీద ఇంకేం లేదా?"