పోర్టుకు పెట్టిన బొట్టు

సిరిగేరి రైస్‌మిల్లు కాటా గదికి పదిహేడేళ్లుగా పక్కీరమ్మే రాణి. వడ్ల ట్రాక్టరు కాటా ఎక్కడమే ఆలస్యం, ఆమె నాలుగు మీటలు నొక్కుతుంది, ప్రింటరు గరగరమంటూ చీటీ కక్కుతుంది. ఆ కంప్యూటరు, ఆ ప్రింటరు, ఆ నల్లతెర ప్రోగ్రాము మూడూ ఒకే కాలానివి. అలాంటిది ఆయుధపూజ మర్నాడు ఉన్నట్టుండి చీటీ రావడం మానేసింది. బరువు తెర మీద కనిపిస్తుంది, ప్రింటరు మాత్రం ఉలకదు, పలకదు.

"దాని ఆయుష్షు తీరిందమ్మా," అని మిల్లు యజమాని చెన్నకేశవరావు విప్పి చూడకుండానే తేల్చేశాడు. పాతది బల్ల కిందికి పోయింది, కొత్తది బల్ల మీదికి వచ్చింది. తీరా చూస్తే దాని వెనక ప్రింటరు తీగ తగిలించే వెడల్పాటి పోర్టే లేదు.

రావుగారి మేనల్లుడు ప్రవీణ్‌కుమార్ ఇంకో ప్రోగ్రాము పెడతానని ఏడాదిగా వెంటపడుతున్నాడు. అందులో డ్రైవరే బటన్ నొక్కుకుంటాడట, చీటీ ఫోనుకే పోతుందట, గదిలో మనిషే అక్కర్లేదట.

"శుక్రవారం దాకా చూద్దాం. పాత ప్రోగ్రాము నడిస్తే సరే, లేదంటే ప్రవీణ్‌ది పెట్టేద్దాం. నువ్వేమీ అనుకోకు పక్కీరమ్మా," అన్నాడు రావుగారు. పొట్ట కొట్టేటప్పుడు ఏమీ అనుకోవద్దనడం పెద్దమనుషుల మర్యాద.

కౌల్ బజార్ నుంచి రిపేరు చేసే రామాంజినేయులు వచ్చాడు. "ఈ పోర్టుల సంగతి తెలిసినోడు బళ్లారిలో నేనొగన్నే మిగిలుండాను అక్కా," అన్నాడు. మొదటి రోజు చిన్న పోర్టును పెద్ద పోర్టుగా మార్చే తీగ తగిలించాడు. కంప్యూటరు దాన్ని గుర్తుపట్టింది, పాత ప్రోగ్రాము గుర్తుపట్టలేదు. రెండో రోజు డబ్బా విప్పి లోపల పోర్టున్న కార్డు బిగించాడు. అదీ అంతే.

"ప్రోగ్రాము పాత నంబరు ఇంటికి పోయి తలుపు కొడతాండాది. కార్డేమో కొత్త నంబరు ఇంట్లో కూచోనుండాది."

"ఆ నంబరు మార్చప్పా మరి."

"మార్చనీకి ఈ కంప్యూటరు ఒప్పుకుంటే కదా!"

మూడో రోజు శుక్రవారం. ఇంకో కార్డు మార్చాడు, సెట్టింగులన్నీ తిరగేశాడు, చివరికి దండం కూడా పెట్టాడు. బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. చేత్తో రాసిచ్చిన చీటీలు నమ్మేది లేదని డ్రైవర్లు కయ్యానికి దిగారు. సాయంత్రం రామాంజినేయులు విసిగి ప్రింటరు తీగను ఊడబీకి పెట్టాడు. వేలు చూసుకుంటే ఎర్రగా ఉంది.

"రక్తమా ఏందక్కా?"

పక్కీరమ్మ వంగి చూసింది. ఆయుధపూజ నాటి సంగతి కళ్ల ముందుకు వచ్చింది. అందరూ కంప్యూటరుకు ముందువైపు బొట్టు పెడితే, రావుగారికి తనివి తీరలేదు. కీలుకీలుకూ బొట్టు పడాలన్నాడు. తానే తీగ ఊడదీసి, దాని మూతికీ, వెనకున్న పోర్టుకూ తడి కుంకుమ దట్టంగా మెత్తి, మళ్లీ బిగించాడు. కొబ్బరినీళ్లతో ఆ కుంకుమ కలిపి, పళ్లెం పట్టుకుని నిలబడింది ఆమే.

"రామాంజీ, ఆ పాతదాన్ని పైకెత్తప్పా."

స్పిరిటు, పళ్లు తోముకునే బ్రష్షు తెచ్చి ఇద్దరూ కూర్చున్నారు. ఎండిన కుంకుమ పెచ్చులు పెచ్చులుగా రాలింది. తీగ బిగించి మీట నొక్కగానే ప్రింటరు గరగరమంది. పక్కీరమ్మకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చింది.

"మూడు దినాల నుంచి సుమ్నే, ఊరికే కొత్తదాంతో తన్నులాడితిని! ముందే చెప్పుంటే ఏమక్కా?"

"నువ్వడిగితే కదప్పా."

చప్పుడు విని రావుగారు పరుగున వచ్చాడు. "ఏమైందయ్యా దానికి?"

రామాంజినేయులు నోరు తెరిచాడు. పక్కీరమ్మ కాలు తొక్కింది. "ఏం లేదు రావుగారూ, దుమ్ము పట్టినుండె."

"చూశారా! ఆరోజు పూజ అంత గట్టిగా చేయబట్టే మళ్లీ లేచింది." రావుగారు పొంగిపోయి కుంకుమ పళ్లెం, కొబ్బరికాయ తెప్పించాడు. కాయ కొడుతూనే, "మంచిదైంది. ఈ రెండు రోజులూ ఇది లాగిస్తుంది. సోమవారం ప్రవీణ్ వచ్చి కొత్తదాంట్లో తనది ఎక్కిస్తాడు," అన్నాడు.

పక్కీరమ్మ కళ్లు తుడుచుకుని, పాత కంప్యూటరు వైపు పోతున్న పళ్లేన్ని ఆయన చేతుల్లోంచి మెల్లగా అందుకుంది.

"దీనికి అప్పుడే పెట్టినాం కదా రావుగారూ. కొత్తది పూజ లేకుండానే పనిలోకి దిగింది పాపం. అందుకే మొరాయిస్తాండాదేమో."

"నిజమేనమ్మా! నాకు తట్టనే లేదు."

ఆమె కుంకుమలో కొబ్బరినీళ్లు కాసిని ఎక్కువే పోసి కలిపింది. కొత్త కంప్యూటరు స్విచ్చి ఆపి, వెనక్కి తిప్పింది. రామాంజినేయులు గబగబా తన సంచి సర్దుకోవడంలో పడ్డాడు.

"కీలుకీలుకూ పడాల కదా రావుగారూ?"

"ఒక్కటీ వదలకమ్మా," అన్నాడు రావుగారు చేతులు జోడించి.

ఆమె ఒక్కటీ వదల్లేదు.