తెర గోడకి, నోరు మగ్గానికి

నేను ఒక పాటల పెట్టెను. అలా అని ఊరుకుంటే నాకు న్యాయం జరగదు, బొమ్మలు కూడా ఆడించగలను. అరచేతిలో ఇమిడే ఒళ్లు, ముందు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద తెర, వెనక ఆ ఒంటికి ఏమాత్రం నప్పని పెద్ద నోరు. నన్ను తయారుచేసిన చోట వరసగా కూర్చున్న అమ్మాయిల్లో ఒకరు తెర అతికించారు, ఒకరు మరలు బిగించారు. చివరి అమ్మాయి నా చేత ఒక పాట పాడించి, బాగుందని గానీ లేదని గానీ అనకుండా డబ్బాలో పెట్టి మూసేసింది.

డబ్బా మళ్లీ తెరుచుకున్నది విజయవాడలో, రహంతుల్లా గారి కొట్లో. మనుషులు వస్తువును ఎంచుకునే తీరు చూడాలంటే అద్దాల బీరువాలో కూర్చోవాలి. ఒకాయన ఎన్ని పాటలు పడతాయని అడిగి, రెండు వేలంటే పెదవి విరిచాడు. ఆయనకు వచ్చిన పాటలు నాలుగైదుకు మించవని ఆయన ఈల వింటేనే తెలిసిపోయింది. ఒకావిడ గంటసేపు వివరాలన్నీ అడిగి, చివరికి గాజులకు జోడీ కుదిరిందని ఎర్రది పట్టుకుపోయింది. పెద్ద తెరల వాళ్లంతా వెళ్లిపోతున్నారు, కొత్త పెద్ద తెరలు వస్తున్నాయి, నేను మాత్రం కింది అరకు జారిపోయాను.

అప్పుడు వచ్చారు మంగళగిరి నుంచి భావన్నారాయణ, శేషారత్నం. ఆయన గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు, ఆమె పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంది. ఇరవై ఏళ్లు వాళ్ల మధ్య పలికిన రేడియో ఆ నెలలో మూగబోయింది. భావన్నారాయణ కన్ను వచ్చీ రాగానే పై అరలోని పెద్ద తెర మీద పడి అక్కడే అతుక్కుపోయింది. శేషారత్నం దాన్ని మోగించమని రహంతుల్లా గారితో చెప్పి, మొగుణ్ణి స్టూలు మీద కూర్చుని మగ్గం నేస్తున్నట్టు చప్పుడు చెయ్యమంది. ఆయన సిగ్గుపడ్డాడు. ఆమె వదల్లేదు. చివరికి కాళ్లతో నేల తొక్కుతూ, చేతులతో బల్ల చరుస్తూ కొట్టంతా టకటకలాడించాడు. ఆమె గుమ్మం దాకా నాలుగడుగులు వేసి, వీపు తిప్పి నిలబడి విన్నది. ఇంట్లో మగ్గానికీ రాట్నానికీ ఉన్న దూరం అంతేనట.

పెద్ద తెర గొంతు ఆ చప్పుడులో కొట్టుకుపోయింది. రెండోదీ అంతే, ఆరోదీ అంతే. ఎంచబోతే మంచమంతా కంతలేనమ్మా అని రహంతుల్లా గారు విసుక్కుంటూ, వంగి, నన్ను తీశారు. పుట్టిన తరవాత అంత గట్టిగా ఎప్పుడూ పాడలేదు నేను. శేషారత్నం వెనక్కి తిరగకుండానే నవ్వింది, ఇదేనంది. దీనికీ తెర ఉంది, సినిమాలు చూసుకోవచ్చు అని ఆయన నా తరఫున ఒక మాట వేశారు.

"మగ్గం మీద కూర్చుని బొమ్మ చూస్తే పోగు తెగుద్ది. మాకు నోరు చాలు," అంది ఆమె.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నాకు మాత్రం చివుక్కుమంది. రహంతుల్లా గారు చేతికందిన పాటలు నాలుగు వందలు నాలో ఎక్కించి, పదిహేను రోజుల్లో నచ్చకపోతే తెచ్చి ఇచ్చెయ్యమన్నారు.

మగ్గం పక్క స్తంభానికి నన్ను వేలాడదీశారు, తెర గోడకి, నోరు మగ్గానికి. మగ్గం మీద అప్పుడే నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కి ఉంది, దారం కంటికి ఆనడమే కష్టం. అంత సన్ననూలు ఆ ఇంటికి రావడం అదే మొదలు. భావన్నారాయణ తండ్రి ముప్పై ఏళ్లు ఎదురుచూసినా దక్కని పని అది. నూలిచ్చి నేయించుకునే షావుకారు పానకాలరావు ఒక్క చీర నేసి చూపమన్నాడు. కుదిరితే ఇకనుంచి భావన్నారాయణకు సన్ననేతే, కుదరకపోతే మళ్లీ లావు నూలే.

నేతలో కిటుకంతా దెబ్బలో ఉంది. కాలు తొక్కితే పోగులు విడతాయి, వాటి మధ్య నాడె అడ్డంగా పరిగెత్తి ఒక పోగు వేసి వస్తుంది, చేతి దెబ్బతో ఆ పోగు వెళ్లి ముందరి దానికి ఆనుకుంటుంది. చీర మొదలు నుంచి చివరిదాకా ఆ దెబ్బ ఒకేలా పడాలి. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. డప్పుల పాట అందుకుంటే మగ్గం గంతులేసేది, జోలపాట అందుకుంటే నిమ్మళించేది. నన్ను మెచ్చుకుంటున్నారనుకుని మురిసిపోయాను. చీర అనుకున్నదానికన్నా రెండు రోజుల ముందే దిగింది.

పానకాలరావు తనే వచ్చాడు. చీర విప్పి గుమ్మంలో ఎండకు పట్టి చూశాడు.

"ఇక్కడ పరిగెత్తావు భావన్నారాయణా. ఇక్కడ కునుకు తీశావు. ఇదిగో, ఇక్కడ ఎవరి పెళ్లి ఊరేగింపులోనో ఉన్నావు."

నిజమే. చీర నిండా చారలు, ఒకచోట దట్టంగా, ఒకచోట అవతలి మనిషి కనిపించేంత పలచగా. చెడిన చీర నేసినవాడికే ఉండిపోవడం వాళ్ల ఆచారం. షావుకారు దాన్ని మడిచి మంచం మీద పెట్టి, ఇంకొక్క పడుగు పంపుతాను, అదీ ఇలాగే వస్తే నీకు మళ్లీ లావు నూలే అని చెప్పి వెళ్లిపోయాడు.

 భావన్నారాయణ నా వైపు చెయ్యి చూపి, గడువు ఇంకా నాలుగు రోజులుంది, దీన్ని కొట్లో ఇచ్చేసి వస్తానన్నాడు.  శేషారత్నం చీరను మంచం మీద బారుగా పరిచి, నన్ను మొదటి పాట నుంచి ఒక్కో ముక్క చొప్పున పాడించింది. వేలు చారల మీద పెట్టి నడిపించింది. దట్టమైన చార దగ్గర డప్పుల పాట, పలచని చార దగ్గర జోలపాట, వరస తప్పకుండా. మొదట ఆమె కళ్లు పెద్దవయ్యాయి, తరవాత నవ్వాగలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు దాన్నంటావేందయ్యా? నీ కాళ్లకి చెవులున్నయ్యి."

మరి రేడియో విన్న ఇన్నేళ్లూ నా కాళ్లకి చెవులు లేవా అని ఆయన గొణిగాడు. రేడియోలో పాటకీ పాటకీ మధ్య ఎవరో ఒకరు మాట్లాడేవాళ్లు, ఆ కాస్తలో కాలు సర్దుకునేది, పైగా లావు నూలు ఎన్ని తప్పులైనా కడుపులో పెట్టుకుంటుంది అని ఆమె చెప్పింది.

మర్నాడు ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని తెర తన వైపు తిప్పుకుంది. ఇన్నాళ్లకు నా మొహం ఒకరు చూస్తున్నారు. ఉన్న వెలుగంతా వెలిగాను. తీరా ఆమె చూస్తున్నది పాటల పేర్లు, చెరపడానికి. భావన్నారాయణ ఉత్త మగ్గం మీద కాళ్లాడిస్తుంటే ఒక్కో పాటా మోగించి, కాలు తడబడితే తీసేసింది. తీసెయ్యమంటారా అని ప్రతిసారీ అడగడం నా పద్ధతి. జోలపాట దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది, ఆ తరవాత నొక్కింది. సాయంత్రానికి నాలుగు వందల్లో పదకొండు మిగిలాయి.

"పదకొండు పాటలకి ఇంత పెట్టెందుకే రత్నం?"

"ఆ పదకొండు దొరకటానికేనయ్యా."

నేను కొట్టుకు తిరిగి వెళ్లలేదు. రెండో చీరను పానకాలరావు ఎండకు పట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి, మడిచి చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దిగి చెప్పులేసుకున్నాక, ఇంకో పడుగు రేపు పంపుతానన్నాడు. శేషారత్నం చేతిలో రాట్నం ఆగిపోయింది. భావన్నారాయణ కండువాతో మొహం తుడుచుకున్నాడు, అక్కడ చెమటేం లేదు.

తొమ్మిదేళ్లు ఆ పదకొండే పాడాను. మధ్యలో ఎప్పుడో నా తెర పోయింది, గోడ వైపు ఉండబట్టి ఎవరికీ తెలియలేదు. పోయినేడు నోరూ పోయింది. ఇప్పుడు పాడేది శేషారత్నం ఫోను. నన్ను పాత సామాన్లవాడికి వెయ్యకుండా గూట్లో కండెల పక్కన పెట్టారు. తృప్తిగానే ఉన్నాను.

ఏటా తిరునాళ్ల రోజు శేషారత్నం ఆ చెడిన చీర కట్టుకుంటుంది. ఎందరి చీరలకో కండెలు చుట్టిన ఆ మనిషికి ఉన్న సన్ననేత చీర అదొక్కటే. గూటి ఎదురుగానే నిలబడి కుచ్చెళ్లు పోసుకుంటుంది. దట్టమైన చార వేలికి తగిలితే డప్పుల పాట కూనిరాగం తీస్తుంది, పలచనిది తగిలితే జోలపాట. నాలోంచి తన చేత్తో తీసేసినవే, ఒక్కటీ మరిచిపోలేదు. తేరు కదులుద్ది, తొందరగా రమ్మని వాకిట్లోంచి భావన్నారాయణ కేకేస్తాడు.

"ఉండయ్యా," అంటుంది, ఇంకో కుచ్చెల పోస్తూ, "పాట అయిపోనీ."