గోడ కట్టిన సొరంగం

జింద్రూ సుత్తితో రైలుపట్టా చీలను కొట్టి, మోత విని, మరో అడుగు వేశాడు. బిగువుగా ఉన్న చీలది ఒక మోత, వదులైనదానిది ఇంకొకటి. ఇరవై తొమ్మిదేళ్లుగా సొరంగం చీకట్లో ఆ తేడా వినడమే ఆ కీమేన్ ఉద్యోగం. బక్కపలచని మనిషి. సుత్తి మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. పైకప్పు నుంచి కారే నీళ్లకు అతని నీలం కోటు ఏ రోజూ పూర్తిగా ఆరేది కాదు.

సిమ్లా వైపు వెలుతురులోకి వచ్చేసరికి రాతి అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. చండీగఢ్ కాలేజీలో చరిత్ర చెప్పే హర్లీన్. సొరంగం కథ జింద్రూ నోట వినాల్సిందేనని స్టేషన్ మాస్టరు పంపాడు.

జింద్రూ బీడీ వెలిగించి కథ ఎత్తుకున్నాడు. తెల్లదొర కొండను రెండు వైపులా తవ్వించాడు. లెక్క తప్పి రెండు బిలాలూ కలవలేదు. పక్కన ఇంకోటి తవ్వమని పైనుంచి హుకుం వచ్చింది. దొర సిగ్గుతో పాత సొరంగంలోకి గుర్రంతో సహా వెళ్లిపోయి, మళ్లీ రాలేదు. మంచు పడే రోజుల్లో ఇప్పటికీ డెక్కల చప్పుడు వినిపిస్తుంది.

హర్లీన్ నవ్వింది. "దొర అందులో పోలేదు బాబా. పెన్షన్ పుచ్చుకుని, ఎనభై రెండో ఏట వాళ్ల ఊళ్లో మంచం మీద పోయాడు."

"మరి గుర్రం?"

"గుర్రం సంగతి నాకు తెలీదు. కానీ పాత సొరంగం కూలి పదకొండుమంది కూలీలు లోపలే ఉండిపోయారు. శవాలు తియ్యకుండానే గోడ కట్టేశారు. దొర రాసుకున్న పేర్లు ఇవిగో." కాగితం విప్పి చదవసాగింది. ఏడో పేరు, "ఝాబరూ, తండ్రి కాంషీ, ఊరు ధరోల్."

జింద్రూ చేతిలో బీడీ ఆరిపోయింది.

"మళ్లీ చదువమ్మా."

చదివింది.

ఝాబరూ అతని తాత. గాజులమ్మే ఆడదానితో లాహోరు లేచిపోయాడని నాయనమ్మ చచ్చేదాకా తిట్టింది, చేతి గాజులు మాత్రం తియ్యలేదు. బతికున్నవాడికి పిండమేమిటని నాన్న ఏనాడూ పెట్టలేదు. "లేచిపోయినోడి కొడుకు" అన్న మాట పడీ పడీ ఆయన నడుమే వంగిపోయింది.

"మాదీ ధరోలే. మా తాత పేరదే," అన్నాడు.

"మీ ఊళ్లో కాంషీ కొడుకు ఝాబరూలు ఎంతమంది?" అందామె.

"ఒక్కడే."

లోపల్నించి రైలు కూత వినిపించింది. జింద్రూ లేచి ఎర్రజెండా తీశాడు. నాలుక కరుచుకుని పచ్చది ఊపాడు. "ఏం తాతా, పొద్దున్నే పట్టించావా?" అని డ్రైవరు అరుస్తూ పోయాడు.

సాయంత్రం భార్య రూపదేయి కంచం పెట్టింది. అతను తినలేదు.

"మా తాత పోయాడా, పారిపోయాడా?"

"డెబ్బై ఏళ్ల నాటి మాట ఇవాళెందుకు? పప్పు చల్లారిపోతోంది."

"అయితే నాయనమ్మ అబద్ధం చెప్పిందా?"

రూపదేయి పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఎవరో చెప్పుంటారు, ఆవిడ పట్టుకుంది. పారిపోయినోణ్ణయితే తిట్టుకుంటూ బతకొచ్చు. తిరిగొస్తాడేమోనని చూడొచ్చు కూడా."

తేలికపడాలో కుమిలిపోవాలో అతనికి అంతుపట్టలేదు. తను దొర చావు కథ చెప్పి ఎంతమంది చేత కళ్లు తుడిపించాడో! ఆ చావు అసలు లేనే లేదట. నిజంగా జరిగిన చావు పక్కనుంచి రోజుకు రెండుసార్లు, ఒక్క క్షణం కూడా ఆగకుండా నడిచి వెళ్లాడట. ఆ కాగితం తప్పేమో అనుకున్నాడు. అది తప్పయితే తాత మళ్లీ లేచిపోయినవాడే అవుతాడు. నిజమైతే బాగుండునని కోరుకోబోయి, ఏం కోరుకుంటున్నానా అని ఉలిక్కిపడ్డాడు.

తర్వాత ఆ ఊసు ఎవరితోనూ ఎత్తలేదు. మాఘంలో, రిటైరు కావడానికి ఇంకా ఏడు నెలలుండగా, నిద్రలోనే పోయాడు.

అతని స్థానంలో వచ్చిన కీమేన్ హిరదూ, మంచు కరిగాక పొదలు నరుకుతూ పాత సొరంగం దాకా వెళ్లాడు. గోడ ముందు ఎవరో మట్టి తుడిచి రాయి పరిచారు. దాని మీద, శుభకార్యాల్లో ఇంటి పెద్దకు పెట్టే కొత్త ఉన్ని టోపీ ఒకటి, పచ్చ మఖమలు పట్టీ గోడ వైపు తిరిగి, చలికాలమంతా మంచు కింద తడిసి నీళ్లోడుతూ ఉంది.