ఇల్లుండంగ హాస్టలా?

బిక్షమ్మ పిడికెడు బూడిద తీసి పెద్ద డేగిసా అడుగున చల్లి, కొబ్బరిపీచుతో గుండ్రంగా రుద్దుతోంది. రాత్రి మాడిన పప్పు నల్లగా అట్టకట్టింది. నానబెట్టినా వదల్లేదు. ఒక కాలు మడిచి, రెండో కాలు చాపి, డేగిసా కదలకుండా ఆ కాలికి ఆనించి పెట్టుకుంది. నెత్తిమీద గోనెసంచి ముసుగు వేసుకున్నా, ముసురువాన మెడ మీదుగా వీపు మీదికి దిగుతూనే ఉంది. వేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయిన చోట బూడిద నీళ్ళు తగిలి చురుక్కుమంటోంది. ఆ చురుకు ఆమెకు అలవాటే. తగలని రోజున చేతులు తనవి కావేమో అనిపిస్తుంది.

నందికొండ ప్రాజెక్టు ఇంజనీర్ల మెస్సు వెనకాల ఒక సిమెంటు గచ్చు, ఒక కుళాయి, ఒక మురిక్కాలువ. అదే ఆమె జాగా. లోపలికి పోకూడదు. తోమిన గిన్నెలు గడప బయట బోర్లిస్తే వంటాయన రామచంద్రయ్య వాటిమీద చెంబెడు నీళ్ళు చల్లుకొని లోపలికి తీసుకుంటాడు. మొదట్లో ఆమె ఆ చల్లడం చూసేది. ఇప్పుడు చూడదు.

ఆ రోజు చేతులు పనిచేస్తున్నాయి గానీ పొద్దుటినుంచీ నోట్లో ఒకటే మాట నానుతోంది. హైదరాబాదు.

కూతురు లీలమ్మ నల్లగొండలో మిషను హాస్టల్లో ఉండి పి.యు.సి. ఫస్టు క్లాసులో ప్యాసయింది. డిగ్రీ చదవడానికి రెండుచోట్ల సీటు వచ్చింది. ఒకటి హైదరాబాదులో ఉస్మానియా, రెండోది వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ. రెండుచోట్లా చేరే గడువు దగ్గర పడింది. హైదరాబాదుకైతే బిక్షమ్మ తమ్ముడు జానయ్య పొద్దుటి బస్సుకు వచ్చి, మధ్యాహ్నం బస్సుకు పిల్లను వెంట తీసుకుపోతాడు. వాల్తేరుకైతే ప్రాజెక్టు దవాఖానలో నర్సు కృష్ణమ్మ సెలవు మీద విజయనగరం పోతూ, దారిలో పిల్లను హాస్టల్లో దింపి పోతానంది. ఆమె సాయంత్రం లారీలో ఏరు దాటి అవతలి ఒడ్డుకు పోయి, మాచర్లలో రైలెక్కుతుంది. పిల్ల ఎవరి వెంట పోవాలో బిక్షమ్మ చెప్పాలి.

"నీకేడ చదవాలని ఉందో నువ్వే చెప్పరాదే?" అని తెల్లవారుజామున అడిగింది.

"నువ్వేడికి పొమ్మంటే ఆడికే," అంది లీల, జడ అల్లుకుంటూ.

"లెక్కలు రెండుకాడల ఒకటే గద?"

"ఒకటే. వాల్తేరుల స్టాటిస్టిక్స్ గూడ ఉన్నది. చేత్తోటి తిప్పితే లెక్కలు చేసే మిషన్లు ఉన్నయట." పిల్ల గొంతు కొంచెం వేగం అందుకుంది. "అమెరికాల అయితే గదంత మిషను ఉన్నదట అమ్మా. వెయ్యిమంది చేసే లెక్క అదొక్కటే చేస్తదట."

"అన్నీ అదే చేస్తే మరి నీకేం పని?"

"ఎట్ల చెయ్యాల్నో దానికి ఒకరు చెప్పాలె గద!"

బిక్షమ్మ నవ్వింది. పిల్ల మనసు ఎటుందో తెలిసింది. తెలిసినా హైదరాబాదే అనాలని అనుకుంది. హైదరాబాదంటే ఒక్క బస్సు. నెలకొక ఆదివారం పోయి పిల్ల మొహం చూసి రావచ్చు. వాల్తేరు ఎటు దిక్కున ఉందో కూడా ఆమెకు తెలియదు. సముద్రం పక్కన అన్నారు. సముద్రం ఆమె చూడలేదు.

లోపల ఫలహారాలవుతున్నాయి. కిటికీ సరిగ్గా గచ్చు పైనే ఉంటుంది. బిక్షమ్మ చేతులు కడుక్కొని లేచి, కిటికీ కింద నిలబడింది.

"సారూ, జర ఒక మాట. మా పిల్లకు వాల్తేరుల, హైదరాబాదుల రెండు దిక్కుల సీటొచ్చింది. ఏది మంచిదంటరు?"

అడగడమే పొరపాటయింది.

"ఇందుల అడిగేదేముంది?" అన్నాడు అమరేందర్, ఉస్మానియాలో చదివినవాడు. "మా ఆర్ట్స్ కాలేజి బిల్డింగు ఒక్కసారి చూపియ్యి నీ బిడ్డకు. ఇంకోదాని పేరెత్తదు."

"బిల్డింగు చూడ్డానికైతే అక్కడికే పంపండి," అన్నాడు వాల్తేరులో చదివొచ్చిన సీతాపతి. "చదువుకోడానికైతే మా వైపు రమ్మనండి."

"చదువా? ఆ సముద్రపు గాలికి నిద్ర దప్ప ఏమొస్తది భాయ్? మొన్న కాలువ లెవెలు తప్పు తీసిందెవరు, మళ్ళ సరిచేసిందెవరు?"

"మీరు సరిచేశాకే అది తప్పయిందండీ బాబూ! అంతకుముందు బాగానే ఉంది."

బల్ల చుట్టూ నవ్వులు. ఎవరో బల్ల మీద గుద్దారు. మాట కాలువ మీదినుంచి ప్రమోషన్ల మీదికి, ప్రమోషన్ల మీదినుంచి గోంగూర మీదికి పోయింది. కిటికీ కింద ఒక మనిషి ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. బిక్షమ్మ కాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

రామచంద్రయ్య కంచాలు తెచ్చి గడప బయట దడదడమని పడేశాడు. "లెక్కలు చదువుతుందటగా నీ కూతురు! ముందు నా మెస్సులో పోయిన గరిటెల లెక్క తేల్చమను," అన్నాడు. ఆయన హాస్యం అంతే. అందులో విషముండదు, ప్రేమా ఉండదు.

ఒకాయన మిగిలిన చట్నీలో చేయి కడిగాడు, ఇంకొకాయన సాంబారులో. ఏది ఉస్మానియా కంచమో, ఏది వాల్తేరు కంచమో చెప్పమంటే ఆమెకు తెలియదు. రెండూ తోమి, ఒకదాని పక్కన ఒకటి బోర్లించింది.

పొద్దు కొంచెం ఎక్కాక జానయ్య దిగాడు. కూలీల వరసలో బిక్షమ్మ ఉండే రేకుల షెడ్డులోకి తడిసిన గొడుగు విదిలించుకుంటూ వచ్చి, మేనకోడలిని చూసి ఆగిపోయాడు.

"అక్కా! పిల్ల అచ్చం ఆఫీసరు లెక్క కొడుతాందే! ఇగ మా లాలాగూడ కోర్టర్లల్ల నా కాలర్ ఎగరేసుకొని తిరుగుత."

లీల సిగ్గుపడి నవ్వింది. జానయ్య రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. దేవరకొండ పక్క పల్లెలో దొర దగ్గర పాలేరుగా జీతమున్న తండ్రికి పుట్టిన పిల్లల్లో, నెల నెలా జీతం తీసుకొనే ఉద్యోగం అందుకున్నది వాడొక్కడే. బిక్షమ్మ మొగుడు ఇస్రాయేలు ఇక్కడి క్వారీలో బండ కింద పడి చనిపోయినప్పుడు, రాత్రికి రాత్రి వచ్చి తన చేతులతో గుంట తవ్వినవాడు వాడే. తట్టలు మోసే ఓపిక లేక ఆమె కూలబడ్డప్పుడు, ఎవరెవరినో బతిమాలి ఈ మెస్సు పని ఇప్పించిందీ వాడే. తమ్ముడి మాట ఆమె ఎన్నడూ తీసెయ్యలేదు.

అన్నం పెట్టింది. పక్కన ఉడికించిన కోడిగుడ్డు పెట్టింది. వాడు ఆకలిగా, కమ్మగా తిన్నాడు.

"తమ్మీ, ఆడ ఆడపిల్లలకు హాస్టలు గూడ ఉందంటరు గద?" అంది, మజ్జిగ పోస్తూ.

జానయ్య చేయి ఆగింది. "ఇల్లుండంగ హాస్టలా? ఏంది, మేం సచ్చినమా? సొంత మేనమామ ఊర్ల ఉండంగ పిల్లను హాస్టల్ల ఏస్తే నలుగురు నా మొకాన ఉమ్మెయ్యరా?"

"ఊకెనే అడిగిన తమ్మీ."

"అడుగనే ఒద్దు గా మాట." తర్వాత వాడే మెత్తబడ్డాడు. "మన ఇంట్ల మారాణి లెక్క ఉంటది. నీ మరదలుకు నెలలు నిండినయి గద, పిల్ల వస్తాందంటే పాణం లేచొచ్చింది దానికి. పొద్దుగాల నల్లా నీళ్ళు పట్టి, ఇంత అన్నం వండి పోతె, మాపటికల్ల వచ్చి మా చిన్నోణ్ణి జర చూసుకుంటది. ఒక్క నెలనే అక్కా. అటెన్క దాని చదువు దానిది."

ఒక్క నెల.

బిక్షమ్మనూ ఒక్క నెలకనే పంపారు. మిషను బడిలో మూడో తరగతి చదువుతుంటే, భువనగిరిలో పెద్దక్కకు కానుపని పిలిపించారు. వెళ్ళేటప్పుడు పలక వెంట తీసుకుపోయింది. ఆ బిడ్డ లేచి నడిచేలోగా అక్కకు మళ్ళీ నెల తప్పింది. ఆ పిల్లల్ని ఎత్తుకొనే ఆమె పెద్దమనిషయింది. పెళ్ళి కూడా అక్కడినుంచే చేశారు. ఎవరూ ఆమెను కష్టపెట్టలేదు. ఎవరూ బడి మానమననూ లేదు. అక్క మంచిది. ఇప్పటికీ మంచిదే.

జానయ్య కంచం ముందునుంచి లేచాడు. ఎవరూ చెప్పకుండానే లీల వంగి ఆ కంచం తీసింది. షెడ్డు వెనక తొట్టి దగ్గర కూర్చుంది. ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, కంచం కాలికి ఆనించి, పిడికెడు బూడిద అందుకుంది.

బిక్షమ్మ చూసింది. ఆ కూర్చోవడం తను ఎన్నడూ నేర్పలేదు.

"తమ్మీ," అంది. "పిల్ల వాల్తేరు పోతది."

పీచు చప్పుడు ఆగిపోయింది.

"ఏందీ?"

"నర్సమ్మకు మాటిచ్చిన." అది అబద్ధం. ఆమెకు అంతకంటే మంచి అబద్ధం దొరకలేదు.

"నర్సమ్మనా? ఎవరే నర్సమ్మ, నీ తోడబుట్టిందా? బావను బొందల వెట్టిననాడు వచ్చిందా నర్సమ్మ?"

"రాలె."

"నా ఇంట్ల తిండికి కరువా? నీ మరదలు ఏమన్న అన్నదా? చెప్పక్కా. ఉన్నదున్నట్టు చెప్పు."

ఏం చెబుతుంది? నీ ఇల్లు మంచిది గనకే వద్దంటున్నానని చెబితే వాడికి అర్థమవుతుందా? అయినా తమ్ముడితో అనగలిగే మాటేనా అది?

"ఏమనలె తమ్మీ. ఆమె బంగారం. నా బుద్ధే గిట్లయింది."

జానయ్య మూలనున్న గొడుగు తీసుకున్నాడు. "మంచిదక్కా. మీరు పెద్దోళ్ళయిండ్రు," అని, బస్సుకు ఇంకా చాలా పొద్దున్నా వానలోకి దిగిపోయాడు. గొడుగు విప్పలేదు. మలుపు దగ్గర తిరిగి చూస్తాడేమోనని ఆమె గుమ్మంలో నిలబడింది. చూడలేదు.

లీల తడిచేతులతో వచ్చింది. కోరుకున్నది చేతికొచ్చినదాని మొహంలా లేదు ఆ మొహం. "మామ అలిగిండు. గంత దూరం నేనుండలేనే అమ్మా. హైదరాబాదే పోత."

"ఒద్దు."

"ఆడ నన్నెవరు ఎరుగుతరు?"

"ఎవరు ఎరుగరు," అంది బిక్షమ్మ. "ఎరుగనోళ్ళు పని చెప్పరు. పో, నీ బట్టలు సదురుకో."

మధ్యాహ్నం మెస్సులో ఎవరో పెద్ద ఇంజనీరు వచ్చాడని రెండు పంక్తులు లేచాయి. గచ్చు మీద గిన్నెలు కుప్ప పడ్డాయి. తోమినకొద్దీ గడప అవతలినుంచి ఇంకా వస్తున్నాయి. సాయంత్రం కృష్ణమ్మ, లీల మెస్సు వెనకకు వచ్చేసరికి బిక్షమ్మ మణికట్లదాకా బూడిదలో ఉంది. లారీ రోడ్డు మీద మోగుతోంది.

"నేను చూసుకుంటానమ్మా. వార్డెను నాకు తెలిసినావిడే," అంది కృష్ణమ్మ. "వెళ్ళొస్తాం."

బిక్షమ్మ లేవబోయింది. మోకాలు పట్టేసి సగంలో ఆగింది. లీలే వంగింది. బూడిద అంటుతుందని బిక్షమ్మ అరచేతులు వెనక్కి తిప్పుకొని, ముంజేతి వెనకవైపుతో బిడ్డ చెంప ఒత్తింది. ప్రార్థన చెయ్యాలనుకుంది. మాటలు గుర్తు రాలేదు.

"అన్నం తిను," అంది. "టైముకు తిను."

లీల తలూపింది. లారీ మళ్ళీ మోగింది. లోపలినుంచి రామచంద్రయ్య, "పులుసు గిన్నె కావాలి, తొందరగా కానీ!" అని అరిచాడు. బిక్షమ్మ పులుసు గిన్నె ముందుకు లాక్కుంది. తలెత్తేసరికి లారీ దిబ్బ దిగి, అవతలి ఒడ్డుకు పోయే దారి పట్టింది. ఎర్రటి బురద నీళ్ళు చక్రాల గాడుల్లోకి మెల్లగా చేరుతున్నాయి.

దీపాలు పెట్టే వేళకు రాత్రి వంటకు ముందు కాస్త సందు దొరికింది. షెడ్డుకు వచ్చింది. వాన వెలిసింది. తమ్ముడు ఈపాటికి ఇల్లు చేరాడో లేదో. మరదలితో ఏమని చెప్పి ఉంటాడో. పొయ్యి రాజెయ్యబుద్ధి కాలేదు. నడుం వాల్చితే మళ్ళీ లేవలేనని భయం. చెంబుతో నీళ్ళు తాగి, మిగిలినవి పారబోయడానికి వెనక తలుపు తీసింది.

చూరు కింద తీగ మీద లీల పొద్దున ఉతికి ఆరేసుకున్న నీలం రవిక ఉంది. పెట్టెలో పెట్టుకోవడం మరిచిపోయింది. బిక్షమ్మ తీగ దగ్గరకు వెళ్ళి చేత్తో తాకి చూసింది. మిగతా అంతా ఆరింది గానీ, చంకల దగ్గర కుట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.