నలభై అయిదు నిమిషాల దారి

నేను ఒక మద్దిచెక్క బోర్డును. మదనపల్లె వైపు ఒక కొండ పార్కులో, వ్యూ పాయింటుకు పోయే దారి మొదట్లో ఉంటాను. అంతకుముందు చెక్‌పోస్టు తలుపును. విరిగాక పొయ్యిలోకి పోవలసిన నన్ను వాచరు గుర్రప్ప కోసి, చిత్రిక పట్టి, తెల్లరంగు వేశాడు. ఆ మేలు మరవలేదు.

మామూలు మనిషిని నడిపించి చూసి, ఎంతసేపు పడుతుందో రాయమన్నాడు రేంజరు. గుర్రప్ప తన భార్య చౌడమ్మను పిలుచుకొచ్చాడు.

"మోకాళ్లు పోయినదాన్ని నన్నా నడిపించేది?"

"మామూలు మనిషంటే నాకు తెలిసింది నువ్వే. పా మే."

ఆమె నేరేడు చెట్టు కింద కూర్చుంది. బండ దగ్గర కూర్చుంది. లోయ కనిపించే మలుపులో చాలాసేపు కూర్చుంది. ఆయన తొందర పెట్టలేదు. దిగివచ్చి నా మీద రాశాడు: 'సులువైన దారి. 45 నిమిషాలు.' ఆమె కూర్చున్న మూడు చోట్లా రాతిపలకలు వేశాడు. ఆ వానాకాలంలోనే ఆమె పోయింది.

తర్వాత ప్రతి వేసవీ కొండ చూడవచ్చే కుర్రవాళ్ల నవ్వులే.

"పావుగంట దారి గదరా! ఇది రాసినోడు పాక్కుంటా పోయినాడేమో!"

నవ్వినవాళ్లే ఆ పలకల మీద కూర్చుని ఫొటోలు దిగారు. వాళ్లు పోయాక గుర్రప్ప ఆ పలకలు తుడిచేవాడు. నేను చెక్కను కాబట్టి ఊరుకున్నాను.

ఈ వేసవిలో కొత్త రేంజరు వచ్చాడు. "పదిహేను అని మార్చు. పరువు పోతోంది" అన్నాడు. గుర్రప్ప రంగుడబ్బా తెచ్చి నా ముందు కూర్చున్నాడు. కుంచె ముంచాడు. చెయ్యి కదల్లేదు. ఆ అంకె పోతే చౌడమ్మ నడక ఈ కొండ మీద ఇంకెక్కడా లేదు.

అప్పుడే ఒక పెద్దామె చేతికర్రతో పైనుంచి దిగివచ్చింది.

"ఇది రాసింది నువ్వేనా నాయనా? నలబై అయిదు అని ఉండబట్టే నా కాళ్లకు అయితాదిలే అనుకుంటి. సరిగ్గా అంతే పట్టె. కూర్చునే చోట్లు యెవరు చూసి పెట్టినారో, వాళ్ల కడుపు చల్లగుండ."

"మా యింట్లోది" అన్నాడు గుర్రప్ప.

ఆమె వెళ్లాక 45 మీదే కొత్త రంగు దిద్దాడు. అడుగున చిన్న అక్షరాలతో రాశాడు: 'తొందరున్నవాళ్లకు 15.'

రేంజరు గుర్రుగా చూశాడు.

"పదిహేను ఉంది గదా సార్" అన్నాడు గుర్రప్ప.

నా కింది అంచుకు చెద పట్టింది. ఎన్నాళ్లుంటానో తెలియదు. పొయ్యిలో ఒక పూటకు అయిపోవలసిన చెక్కకు ఒక మనిషి నడకను మోసే పని దొరికింది. అంతకంటే ఏం కావాలి?

కుర్రవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వనీ. వాళ్ల మోకాళ్లకూ ఒకరోజు పై అంకే కావాలి.