పాచి తినే చేపకూ మేత

"ఆ పాచి తినే చేప కూడా ఒకటి వేసివ్వండి. దానికి విడిగా మేత అక్కర్లేదటగా!" అన్నాడు కొత్తగా పెళ్లయిన కుర్రాడు. పక్కన అతని భార్య ఖాళీ గాజుతొట్టిని చంటిబిడ్డలా ఎత్తుకుని నిలబడింది.

నెలీదా చేతిలో వల ఆగింది. ఇకితోస్‌ ఊళ్లో ఇంటి ముందుగదిలో నడిచే ఈ రంగుచేపల కొట్టు పేరుకి మొగుడు ఎడిల్బెర్తోది. నీళ్లు మార్చడం, ఏ చేపకి ఏది పొసగుతుందో చూసి ఇవ్వడం ఆమె వంతు. కుర్రాడు ముచ్చటపడ్డ పొడవురెక్కల చేపని అప్పటికే వద్దంది. ఎదిగిందంటే అది అతను కొన్న నీలిచారల చిన్నవాటిని మింగేస్తుంది. జత కుదిర్చేటప్పుడు రంగు కాదు, నోరు చూడాలి. చచ్చిన చేప గిరాకీని మళ్లీ కొట్టు మెట్లెక్కనివ్వదు.

పాచి తినే కరచామా సంగతిలో మాత్రం ఇన్నేళ్లూ ఊరుకుంది. తొట్టి శుభ్రంగా ఉంచుతుందని కొంటారు. పాచి అయిపోయాక అదేం తింటుందో ఎవరూ అడగరు. మిగతావి నిగనిగలాడుతుంటే అది ఓ మూల పొట్ట లోపలికి పోయి చస్తుంది. తన పెళ్లినాడు అత్త దోన్యా రొసౌరా చుట్టాలతో అంది, "కోడలికి ఖర్చేముంది, ఉన్నదే తింటుంది" అని. ఉన్నదంటే గిన్నె అడుగున మిగిలింది. అదీ నిలబడి, ఒక చెవి కొట్టువైపు వేసి. ఆ మాటని నెలీదా ఇన్నాళ్లూ మెప్పు కింద జమ వేసుకుంది.

"దోసకాయ ముక్కలు వేస్తానంటేనే ఇస్తాను. ఎంగిలితో బతకదు బాబూ."

లోపల ఊయల్లోంచి ఎడిల్బెర్తో అరిచాడు. "అడిగింది ఇచ్చి పంపవే! బేరం చెడగొట్టకు."

"వేస్తానండీ" అంది కొత్త పెళ్లికూతురు, మొగుడు నోరు తెరిచేలోపే.

మధ్యాహ్నం నెలీదా కొట్టు తలుపు మూసి వంటింట్లోకి వచ్చింది. బల్లమీద ఎప్పటిలాగే మొగుడికీ మరిదికీ కంచాలున్నాయి. పొయ్యి దగ్గర అత్త నిలబడి, వాళ్లు తినడం అయ్యేదాకా కాచుకుని ఉంది. కోడలిగా వచ్చిననాటినుంచీ ఆవిడా అంతే. నెలీదా ఇంకో రెండు కంచాలు తెచ్చి పెట్టింది.

"ఇదేంటే?"

"కూర్చోండత్తయ్యా. చల్లారిపోతుంది."

అత్త కొడుకుకేసి చూసింది. కుర్చీకేసి చూసింది. చేతులు గౌనుకి తుడుచుకుని, అంచుమీద కూర్చుంది.

"మరి వడ్డించేదెవరు?" అన్నాడు ఎడిల్బెర్తో.

నెలీదా గరిటె అతని ముందు పెట్టింది.

అత్త ఒక చెంచా ఊదుకుని తాగింది.

"నా పులుసు వేడిమీద ఇలా ఉంటుందా!" అంది.