నెమలిగుట్ట మీద మొదటి పేరు

మా ఆయన పేరు రాజమౌళి. సైకిల్ క్లబ్బులో ఎనిమిదేళ్లు ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లలో ఒక్కరిని కూడా దాటి ముందుకు వెళ్లలేదు. ఆదివారం పొద్దున్నే హన్మకొండ నుంచి అందరితో కలిసి బయలుదేరేవారు. ములుగులో మిగతావాళ్లు రెండో టీ ముగించే వేళకు ఆయన మొదటి టీకి చేరేవారు.

ఆయన పోయిన కొన్ని నెలలకు క్లబ్బువాళ్లు ఒక ఫ్లెక్సీ నమూనా మా ఇంటికి తెచ్చి చూపించారు. ఆయన హెల్మెట్ మీద బంగారు రంగు కిరీటం ఉంది. కింద పెద్ద అక్షరాల్లో 'నెమలిగుట్ట కింగ్' అని ఉంది. ఎలా ఉంది మేడమ్ అని అడిగారు. రంగులు బాగున్నాయన్నాను.

వేగం ఆయనకు చేతకాలేదు గానీ దారులు తెలుసు. పెద్ద రోడ్డు వదిలి ఎక్కడ తిరిగితే చెరువుకట్ట వస్తుందో, ఏ తండా దాటాక తారు ఆగిపోయి మళ్లీ మొదలవుతుందో, ఏ గుట్ట ఎక్కితే అవతల తాడ్వాయి అడవి మొత్తం కనిపిస్తుందో ఆయనకు తెలుసు. క్లబ్బు తిరిగే దారుల్లో సగం ఆయన చూపించినవే. అక్కడ అప్పుడొక బస్సు, అప్పుడొక జీపు తప్ప ఏమీ రావు. "మెల్లగ పోయెటోనికి ఎనక హారన్ కొట్టెటోడు ఉండొద్దు," అనేవారు.

వానాకాలంలో డెంగ్యూ వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. తిరిగి తీసుకొచ్చాం. దాని గురించి ఇంతకంటే రాయను.

సార్ పేరు మీద ఏదైనా చేయాలని మొదట అనుకున్నది భరత్. బ్యాంకులో పనిచేస్తాడు, ముప్పై దాటలేదు, క్లబ్బులో అందరికంటే వేగంగా తొక్కుతాడు. వాళ్ల ఫోన్లలో ఒక యాప్ ఉంటుంది. ఎవరు ఏ దారిన ఎంతసేపట్లో వెళ్లారో అది దాచిపెడుతుంది. మా ఆయనకు ఇష్టమైన నెమలిగుట్ట ఎక్కుడును భరత్ అందులో గుర్తు పెట్టి, దానికి 'రాజమౌళి సార్ గుట్ట' అని పేరు పెట్టాడు. యాప్ వెంటనే పాత ప్రయాణాలన్నీ తిరగేసి, ఆ గుట్టను ఎవరు త్వరగా ఎక్కారో వరుసగా చూపించింది. రెండో పేరు భరత్‌ది. మొదటి పేరు మా ఆయనది.

ఆ సాయంత్రం క్లబ్బు సగం మా ముందుగదిలో కూర్చుంది.

"ఒక్క ముక్క చెప్పలే మేడమ్ మాకు," అన్నాడు రమాకాంత్. అతను క్లబ్బు అధ్యక్షుడు, సిమెంటు వ్యాపారి. "మేం స్పీడు స్పీడని ఎగురుతాంటె సారు నవ్వుకుంట కూసునేటోళ్లు. ఎందుకు నవ్వేటోళ్లో ఇప్పుడు సమజైతాంది."

"మెల్లగ తొక్కుడు గూడ మా కోసమే మేడమ్," అన్నాడు భరత్. "ఎనక పడ్డోళ్లను ఒంటిగ ఇడిశిపెట్టొద్దని."

నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను. ఆ గుట్టను ఆయన ఎలా ఎక్కారో నాకు తెలుసు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

కిందటి మేడారం జాతరకు కొన్నాళ్ల ముందు మా ఆడబిడ్డ రాజక్క మొక్కు తీర్చడానికి బయలుదేరింది. మనవడి ఆపరేషన్ మంచిగా జరిగితే ఇంటిల్లిపాది ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. మనిషి బరువుకు సరితూగేలా అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని మేము బంగారమనే అంటాం. ట్రాలీ ఆటో నిండా బెల్లం, దాని మీద మేము. జాతర ముందు పెద్ద రోడ్డు మీద బండ్లు కదలవని మా ఆయనే డ్రైవరుకు తన దారి చెప్పి, తాను ముందే సైకిల్ మీద వెళ్లారు. నెమలిగుట్ట మొదట్లో చింతచెట్టు కింద కాళ్లు చాపుకుని కనిపించారు.

"ఏమాయెరా?" అని రాజక్క బండి మీది నుంచే అడిగింది.

"చైన్ తెగింది అక్కా."

"చైన్ తెగిందా, దమ్ము తెగిందా?"

"ఎక్కనియ్యి. గుట్ట మీద దిగిపోత."

"నీ ఎత్తు బెల్లం గూడ ఈ బండి మీదనే ఉన్నది. మళ్ల నువ్వు గూడ ఎక్కితే అమ్మవార్లకు నిన్ను రెండుసార్లు ఇచ్చినట్టైతది. సరే, ఎక్కు."

సైకిల్‌ను పైకి లాగి, బెల్లం బస్తాల మీద నా పక్కన కూర్చున్నారు. ఫోన్ జేబులోనే ఉంది. అందులో నడుస్తున్న యాప్‌ను ఆపాలని ఆయనకు గుర్తు లేదు, నాకు తెలియదు. అంత బరువుతో ట్రాలీ ఉరకలేకపోయింది. నడిచే మనిషి కంటే త్వరగా, స్కూటర్ కంటే మెల్లగా, అంటే సరిగ్గా ఒక గొప్ప సైక్లిస్టు ఎక్కినట్టు గుట్ట ఎక్కింది. దారి పొడవునా ఆయన నాకు చెట్లు చూపిస్తూ వచ్చారు. ఆయన దారుల్లో ఆయనతో కలిసి నేను వెళ్లింది ఆ ఒక్కసారే. పైన దిగి, సైకిలెక్కి, చెయ్యి ఊపి దిగువకు జారిపోయారు. చైన్ బాగానే ఉంది.

టీ గ్లాసులు తెచ్చాక ఇదంతా చెప్పవచ్చు. కానీ అన్నేళ్లు ఆయన కోసం ఆగి ఎదురుచూసినవాళ్లు, ఇప్పుడు ఆయన్ని అందుకోలేకపోతున్నామని చెబుతున్నారు. వినడానికి బాగుంది. గ్లాసులు అందించి కూర్చున్నాను.

ఒకరోజు భరత్ భార్య తిరుమల మధ్యాహ్నం బడికి వచ్చింది. నేను పాఠాలు చెప్పే ఆ బడిలోనే తను చదువుకుంది. వరండాలో నిలబడే మాట్లాడింది.

"మీరు చెప్తే ఇంటడని వచ్చిన మేడమ్. ప్రతి ఐతారం ఆ గుట్టకే పోతాండు. మొన్న మలుపు కాడ కండ్లు తిరిగి పడిపోయిండట. దవాఖానకు పోతే గుండె కొట్టుకునుడు సక్కగ లేదన్నరు. పరీక్షలన్ని అయ్యేదాక సైకిల్ ముట్టొద్దన్నరు."

"మరి ముట్టకుండా ఉన్నాడా?"

"ఏడుంటడు? సారు పుట్టినరోజు నాడు అందరి ముంగట ఎక్కుతనంటాండు. యాభై నాలుగేండ్ల సారే ఎక్కంగ నాకేమైతది అంటాండు. సారును దాటుడు గాదట, అందుకుంటే చాలట. జర చెప్పుండ్రి మేడమ్. మీ సారుకు మొక్కుత, మా ఆయనను ఇడిశిపెట్టుమనుండ్రి."

కార్యక్రమం ఆపగలిగేది అధ్యక్షుడే కదా అని ఆ సాయంత్రమే రమాకాంత్ దుకాణానికి వెళ్లి ట్రాలీ సంగతి మొత్తం చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు.

"భరత్ గురించి మీ బాధ నాకు సమజైంది మేడమ్. దానికోసం సారు పేరు తక్కువ చేసుకుంటాన్రు చూడుండ్రి, అందరికి రాదు ఆ మనసు."

"పేరు తక్కువ చెయ్యడానికి కాదు. జరిగింది చెబుతున్నాను."

"యాప్ అబద్ధం చెప్పదు గద మేడమ్," అన్నాడు మెల్లగా, బాధపడేవాళ్లతో మాట్లాడినట్టు. "ఫ్లెక్సీలు గూడ ప్రింటై వచ్చినయ్."

ఇన్నేళ్లుగా పిల్లలకు నిజం చెప్పమని నేర్పుతున్నాను. నిజం చెప్పినందుకు మెచ్చుకుని, దాన్ని నమ్మకుండా పంపడం ఎలాగో అతని దగ్గర చూశాను.

పుట్టినరోజు నాడు నన్నూ రాజక్కనూ కారులో నెమలిగుట్టకు తీసుకెళ్లారు. 'ప్రశాంత దారుల ప్రేమికుడికి నివాళి' అని గుట్ట మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టారు. దాని రెండు గుంజల దగ్గరా డీజే బాక్సులు పెట్టారు. పాట మొదలవగానే చేలో మేస్తున్న మేకలు పరుగెత్తాయి, వాటి వెనుక కాపరి పరుగెత్తాడు. సైకిళ్ల ముందు ఒక కారు, వెనుక ఒక కారు, రెండూ హారన్ కొడుతూ వచ్చాయి.

రాజక్క ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడింది.

"తలకాయ మీద అదేందే సుభాషిణీ?"

"కిరీటం వదినా."

"మావోనికి మఫ్లర్ కట్టినా దురద పెట్టేది," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

భరత్ కారు వెనుక ఒంటరిగా టైర్లకు గాలి కొడుతున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. నేను దగ్గరికి వెళ్లి ట్రాలీ సంగతి చెప్పాను.

"రమాకాంతన్న చెప్పిండు మేడమ్, మీరిట్లంటరని. మా తిరుమల మీ బడికి వచ్చిందట గద."

"నేను గూడ ఉన్న బిడ్డా బండి మీద," అంది రాజక్క. "బెల్లం మీద కూసున్నడు. ఊకె కూసోలే, రెండు ముద్దలు తిన్నడు."

అతను నవ్వాడు. పెద్దవాళ్లు ముందే మాట్లాడుకుని వచ్చారనుకున్నవాడి నవ్వు అది. గాలి పంపు పక్కన పెట్టి హెల్మెట్ తీసుకున్నాడు.

బ్యాగులోంచి మా ఆయన ఫోన్ తీశాను. ఆ రోజు ప్రయాణం తెరిచాను. మేడారం దాకా నీలం గీత వంకరలు తిరుగుతూ పోతుంది. అందులో గుట్ట మీది చిన్న ముక్క మా ఇద్దరిది. దాన్ని ఎలా తీసేయాలో మా బడి కంప్యూటర్ సార్‌ను ముందే అడిగి తెలుసుకున్నాను. నొక్కితే, పూర్తిగా తీసేయాలా అని అడిగింది, తీసేస్తే తిరిగి రాదంది. భరత్‌కు కనిపించేలా పట్టుకున్నాను.

అతని ముఖంలో నవ్వు పోయింది. "వద్దు మేడమ్. సారుది అదొక్కటే ఉన్నది మీకు."

"అవును."

"తీసెయ్యకుండ్రి. నేను ఎక్క. ఒట్టు."

"ఇవాళ ఎక్కవు. వచ్చే ఆదివారం?"

అతను గుట్ట వైపు చూశాడు. మళ్లీ నొక్కాను. గీత పోయింది.

కాసేపటికి అతని జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు.

"ఏమంటుంది?" అని అడిగాను.

"నేనే ఫస్ట్ అంట."

"మంచిది," అన్నాను.

అతను రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయాడు. "బెల్లం నిజమేనా మేడమ్?" అన్నాడు. నిజమేనన్నాను. నమ్మాడో, ఇక నమ్మక తప్పలేదో నాకు తెలియదు. హెల్మెట్‌ను మాత్రం హ్యాండిల్‌కు తగిలించాడు.

ఈలోగా రమాకాంత్ మైకు అందుకున్నాడు. భరత్ బయలుదేరుతున్నాడని, అందరూ చప్పట్లు కొట్టాలని చెప్పాడు. భరత్ లేచి సైకిల్ పట్టుకున్నాడు. ఎక్కలేదు.

"నడుద్దామా మేడమ్, పైదాక?"

"మెల్లగా అయితే వస్తాను."

చప్పట్లు కొట్టేవాళ్ల మధ్యలోంచి నడిచి వెళ్లాం. అతను ఒళ్లు వేడెక్కించుకోవడానికి కొంత దూరం నడుస్తున్నాడని అనుకున్నారేమో, చప్పట్లు ఆపలేదు. మొదటి మలుపు తిరిగాక మేం వాళ్లకు కనిపించలేదు. కింద రమాకాంత్ గడియారం చూసి నిమిషాలు చదవడం మొదలుపెట్టాడు. రెండో మలుపు దగ్గర భరత్‌కు ఆయాసం వచ్చింది. ఇద్దరం ఆగి నీళ్లు తాగాం.